చేతులు కడుక్కునే తొట్టి

జర్నలిజంలో నా మొదటి పెద్ద గల్తీ ఒక తొట్టి గురించి.

ఇరవై ఏళ్ల కిందటి మాట. పదో తరగతి దాకా ఉర్దూ మీడియంలో చదివి, తర్వాత తెలుగులో డిగ్రీ చేసి, ఒక పత్రికలో కొత్తగా సబ్ ఎడిటర్‌గా చేరిన రోజులు. క్రిస్మస్ ముందు జిల్లా నుంచి ఒక పాత చర్చి ఫొటోలు వచ్చాయి. ఒక ఫొటోలో గుమ్మానికి కాస్త లోపల రాతి తొట్టి ఉంది. దాని మీద చెక్క మూత. కింద నేను కాప్షన్ రాశాను: "ప్రార్థనకు ముందు భక్తులు చేతులు కడుక్కునే తొట్టి." నా దిల్‌లో ఏ బురాయీ లేదు. మస్జిద్‌లో అడుగుపెడుతూనే హౌజ్ చూసి పెరిగిన కళ్లవి. అల్లాహ్ ఇంటి గుమ్మం దగ్గర నీళ్లుంటే అవి వజూకి కాక మరెందుకు అనుకున్నాను.

రెండు రోజుల తర్వాత ఒక పెద్దాయన ఆఫీసుకొచ్చారు. రిటైరైన టీచరు. పేపరు నాలుగు మడతలు పెట్టి చేతిలో పట్టుకున్నారు. గొడవ చేయలేదు. నా పేరు అడిగారు. చెప్పాను. కాసేపు ఆగి, "బాబూ, ఆ తొట్టిలోనే నాకు జ్ఞానస్నానం అయింది. నా పిల్లలకీ అందులోనే. మీ మసీదు హౌజును ఎవరైనా ఈతకొలను అని రాస్తే మీకెట్లా ఉంటుంది?" అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. సవరణ వేద్దామని డెస్క్‌లో అడిగితే, "ఇంత చిన్నదానికి సవరణేమిటయ్యా" అన్నారు. సవరణ రాలేదు. ఆ పెద్దాయనా మళ్లీ రాలేదు.

గత నెల మా పాత మిత్రుడొకాయన ఫోన్ చేశాడు. "భాయ్, బాబుకి జ్ఞానస్నానం. భాభీని, పాపను తీసుకుని రావాలి." అమ్మీకి చెప్పాను. "జా బేటా, దావత్ హై. మగర్ జో సమఝ్ మే నై ఆయే, ఉస్‌పే హస్నా నక్కో" అంది. వెళ్లు, కానీ అర్థం కానిదాన్ని చూసి నవ్వొద్దు అని. అమ్మీకి నా కాప్షన్ సంగతి తెలియదు. అయినా మాట సూటిగా తగిలింది.

చర్చిలో మా పాప చేసిన మొదటి పని ఆ తొట్టి పలకలు లెక్కపెట్టడం. "అబ్బా, ఎనిమిది మూలలున్నాయి. ఎందుకు?"

ఈ వ్యాసం ఆ సవాలుకు జవాబు. ఇరవై ఏళ్లుగా నా మీద బాకీ ఉన్న సవరణ కూడా ఇదే.

మాట ఎక్కడిది

తెలుగు కేథలిక్కులు జ్ఞానస్నానం అంటారు. ప్రొటెస్టెంట్లు ఎక్కువగా బాప్తిస్మం అంటారు. ఇది గ్రీకు మాట, ముంచడం అని అర్థం. తొట్టిని ఇంగ్లిష్‌లో ఫాంట్ అంటారు. అది లాటిన్ "ఫోన్స్" నుంచి వచ్చింది. అంటే ఊట, మన జబాన్‌లో చష్మా. గిన్నె అని కాక ఊట అని పేరు పెట్టారంటేనే, నిలవ నీళ్లు కాదు, ప్రాణమున్న నీళ్లు అనే ఖయాల్ అందులో ఉంది.

ఉర్దూలో దీనికి ఇస్తిబాగ్ అని ఒక మాట ఉంది. దాని జడ్ సిబ్గ్, అంటే రంగు. రంగ్‌రేజ్ బట్టను తొట్టిలో ముంచి తీస్తే బట్ట మారిపోయినట్టు. సూరె బఖరా 138వ ఆయత్‌లో వచ్చే "సిబ్గతల్లాహ్" మాట మీరు తిలావత్‌లో ఎన్నోసార్లు చదివే ఉంటారు. ఆ ఆయత్ దగ్గర తబరీ, బైజావీ లాంటి ముఫస్సిర్లు, నసారా తమ పిల్లల్ని నీళ్లలో ముంచే రివాజును ప్రస్తావించారు. రంగు నీళ్లది కాదు, అల్లాహ్‌ది అన్నది అక్కడ మన అఖీదా. అంటే ఈ తొట్టి సంగతి మన ఉలమాకు వెయ్యేళ్ల కిందటే తెలుసు. తెలియనిది నాకే.

ఇక్కడే ఫర్ఖ్ కూడా చెప్పాలి. వజూ మనం రోజుకు ఐదుసార్లు చేస్తాం. అది విరుగుతుంది, మళ్లీ చేస్తాం. జ్ఞానస్నానం జీవితంలో ఒకేసారి. వజూ నమాజ్‌కు తయారీ. జ్ఞానస్నానం వాళ్లకు ఒక పుట్టుక. కేథలిక్కులు జన్మపాపం ఆ నీటితో పోతుందని నమ్ముతారు. మనం బిడ్డ ఫిత్రత్ మీద, మాసూమ్‌గా పుడతాడంటాం. ఈ ఫర్ఖ్‌ను దాచి "అన్నీ ఒకటే" అనేస్తే రెండు మజహబ్‌లకూ నాఇన్సాఫీ. పైగా తొట్టి ఎందుకలా ఉందో అర్థం కాదు. హౌజ్ పదిమంది కూర్చుని చేతులు, ముఖం, కాళ్లు కడుక్కోవడానికి కట్టింది. ఈ తొట్టిని చావు, పుట్టుకల గుర్తుగా చేశారు. జెరూసలేం బిషప్ సిరిల్ పేరుతో మిగిలిన 4వ శతాబ్దపు ప్రసంగాల్లో ఆ నీటిని సమాధి అనీ, తల్లి అనీ రెండు పేర్లతోనూ పిలిచారు. పాత మనిషి అందులో ఖబర్‌లోకి దిగుతాడు, కొత్త మనిషి కడుపులోంచి వస్తాడు అన్నది వాళ్ల మాట. తొట్టి ఆకారాలన్నీ ఈ ఒక్క మాట చుట్టూ తిరుగుతాయి.

ఫురాత్ ఒడ్డున

మొదట్లో తొట్టే లేదు. హజ్రత్ యహ్యా అలైహిస్సలాంను వాళ్లు బప్తిస్మ యోహాను అంటారు. ఆయన జనాన్ని ముంచింది ఉర్దున్ నదిలో. తొలి క్రైస్తవుల "దిదాఖే" అనే చిన్న కితాబ్‌లో, వీలైతే పారే నీళ్లలో ఇవ్వండి, లేకపోతే వేరే నీళ్లలో, నీళ్లే తక్కువైతే తల మీద మూడుసార్లు పోయండి అని ఉంది. నీళ్లు దొరక్కపోతే తయమ్ముమ్ ఉన్న మనకు ఇలాంటి రుఖ్సత్ కొత్తగా అనిపించదు.

తవ్వకాల్లో దొరికిన అతి పాత జ్ఞానస్నాన గది ఐరోపాలో లేదు. సిరియాలో ఫురాత్ ఒడ్డున దూరా యూరోపోస్ అనే పాడుబడ్డ ఊళ్లో ఉంది. 3వ శతాబ్దంలో ఒక మామూలు ఇంటిని ఇబాదత్‌గాహ్‌గా మార్చుకున్నారు. అందులో ఒక గదిలో గోడవారగా తొట్టి, దాని మీద స్తంభాలు నిలబెట్టి కమాను, కమాను లోపల నీలం మీద చుక్కలు. తొట్టి వెనక గోడ మీద గొర్రెను భుజాన మోస్తున్న కాపరి, కింద చిన్నగా హజ్రత్ ఆదం, హవ్వా. ఆ కమాను అప్పటి రోమన్ సమాధుల కమానుల్లా ఉంటుందని చూసినవాళ్లు అంటారు. సమాధి అన్న మాట ముందు గోడ మీదికెక్కింది, ప్రసంగాల్లోకి తర్వాత వచ్చింది. 256లో ఇరాన్ సాసానీ ఫౌజ్ ఆ ఊరిని పడగొట్టింది. ముట్టడి నుంచి కాపాడుకోవడానికి కోటగోడ పక్క ఇళ్లను మట్టితో నింపడం వల్లే ఆ రంగులు మిగిలాయి. 1930లలో తవ్వి తీశారు. ఇప్పుడవి అమెరికాలో యేల్ యూనివర్సిటీ మ్యూజియంలో ఉన్నాయి.

ఎనిమిది మూలలు

పాప సవాలుకు జవాబు రోమ్‌లో, మిలాన్‌లో దొరుకుతుంది.

రోమ్‌లో లాతరన్ కేథడ్రల్ పక్కన జ్ఞానస్నానానికే ప్రత్యేకంగా ఒక భవనం ఉంది. మొదట 4వ శతాబ్దంలో కాన్‌స్టంటైన్ బాద్‌షా కాలంలో కట్టారు. 5వ శతాబ్దంలో పోప్ మూడో సిక్స్తుస్ దాన్ని ఎనిమిది మూలలతో తిరిగి కట్టించాడు. నడుమ కొలను, చుట్టూ ఎనిమిది ఎర్ర పోర్ఫిరీ రాతి స్తంభాలు. మిలాన్‌లో బిషప్ ఆంబ్రోజ్ కాలపు కొలను కూడా ఎనిమిది మూలలదే. ఇప్పుడది పెద్ద కేథడ్రల్ కింద నేలమట్టంలో ఉంది. 387 ఈస్టర్ రాత్రి ఆ కొలనులోకి దిగినవాళ్లలో ఒకడు అగస్టీన్. నేటి అల్జీరియాలో పుట్టిన ఆఫ్రికా మనిషి, తర్వాత కేథలిక్ ఆలోచనకే ఇమామ్ లాంటివాడయ్యాడు.

ఎనిమిదే ఎందుకు? దేవుడు ఆరు రోజుల్లో సృష్టి చేశాడు, ఏడోది విశ్రాంతి అని వాళ్ల కితాబ్. క్రీస్తు సమాధి నుంచి లేచింది ఆదివారం. అది వారంలో మొదటి రోజు, ఏడు తర్వాత లెక్కపెడితే ఎనిమిదో రోజు. ఏడుతో పాత దునియా లెక్క ముగిసింది, ఎనిమిదో రోజు కొత్త దునియా మొదలైంది అని వాళ్ల తావీల్. ఇంకో గుర్తు కూడా ఉంది. హజ్రత్ నూహ్ నావలో తూఫాన్ నుంచి బతికి బయటపడ్డ మనుషులు ఎనిమిదిమంది అని బైబిల్ లెక్క. నీళ్లే ముంచాయి, నీళ్లే మోశాయి. కొన్నిచోట్ల ఆరు పలకల తొట్లూ ఉన్నాయి. ఆరో రోజు శుక్రవారం, సలీబ్ మీద చావు రోజు. సలీబ్ విషయంలో మన అఖీదా వేరని మీకు చెప్పక్కర్లేదు. గుండ్రటి తొట్టి తల్లి కడుపుకు గుర్తు.

ఇది పాపకు చెబుతుంటే నాకొక హదీస్ యాదొచ్చింది. వజూ బాగా చేసి షహాదత్ పలికినవారికి జన్నత్ ఎనిమిది దర్వాజాలూ తెరుచుకుంటాయని సహీహ్ ముస్లింలో ఉంది. నీళ్లు, ఎనిమిది, కొత్త జీవితపు గుమ్మం. ఇది దాని నుంచి వచ్చిందని నేను అనడం లేదు. ఒకే ఎండల కింద, నీళ్ల విలువ తెలిసిన నేలల్లో పుట్టిన రెండు మాటలని మాత్రం అంటున్నాను.

మరో ఆకారం సలీబ్‌ది. ఉత్తర ఆఫ్రికాలో నేలలోకి తవ్వి, మెట్లు కట్టి, రంగురాళ్ల మొజాయిక్ పరిచిన కొలనులు చాలా దొరికాయి. టునీసియాలో కెలిబియా దగ్గర దొరికిన 6వ శతాబ్దపు తొట్టి వాటిలో అందమైనది. నాలుగు రేకుల పువ్వులా ఉంటుంది. చేపలు, చెట్లు, వెలిగే కొవ్వొత్తులు. దిగేవాడు చేపల మధ్యకు దిగుతాడు. ఇప్పుడది టునిస్ బార్దో మ్యూజియంలో, ఒక ముస్లిం ముల్క్ అమానత్‌గా ఉంది. 2015లో దహషత్‌గర్దులు కాల్పులు జరిపి సందర్శకుల ప్రాణాలు తీసింది ఆ మ్యూజియంలోనే. అప్పుడు వేల మంది టునీసియా జనం వీధుల్లోకి వచ్చి నిరసన చెప్పారు. అమానత్ కాపాడటం అంటే అదీ.

కొలను తొట్టి అయింది, తొట్టికి మూత వచ్చింది

తొలి కాలంలో మునిగేవాళ్లు ఎక్కువగా పెద్దవాళ్లు. అందుకే మెట్లు, అందుకే కొలను. ఐరోపా అంతా క్రైస్తవమయ్యాక మిగిలింది పుట్టే పిల్లలే. పసిబిడ్డకు మెట్లెందుకు? కొలను నేల మీదికి వచ్చింది, రాతి తొట్టి అయింది, తర్వాత కాళ్ల మీద నిలబడింది. తల్లి చేతుల ఎత్తుకు వచ్చింది. బిషప్ ఊరిలోనే ఉండే కొలను పోయి, ప్రతి పల్లె చర్చికీ తొట్టి వచ్చింది.

ఆ తొట్టి నీళ్లను దుఆ చేసి నిలవ ఉంచేవారు. జనం వాటిని జాదూటోనాకు ఎత్తుకుపోవడం మొదలుపెట్టారు. 1236లో ఇంగ్లండ్‌లో కాంటర్బరీ ఆర్చిబిషప్ ఎడ్మండ్ తొట్లకు మూత వేసి తాళం పెట్టాలని హుకుమ్ ఇచ్చాడు. నేను ఫొటోలో చూసిన చెక్క మూత ఖాన్‌దాన్ అదీ. చేతులు కడుక్కునే తొట్టికి మూత ఎందుకుంటుందని ఆ రోజు ఒక్క క్షణం ఆగి ఆలోచించినా నా కాప్షన్ ఆగేది.

కారీగర్ల చేతిలో ఈ తొట్టి కితాబ్ కూడా అయింది. బెల్జియంలో లియెజ్ నగరంలో సెయింట్ బార్తలోమ్యూ చర్చిలో ఇత్తడి తొట్టి ఉంది. 1107కు 1118కి మధ్య పోత పోసింది, రెనియే ద హుయ్ అనే ఉస్తాద్ పనితనంగా చెబుతారు. దాన్ని ఎద్దులు మోస్తుంటాయి. మొదట పన్నెండు, ఇప్పుడు పది మిగిలాయి. హజ్రత్ సులైమాన్ అలైహిస్సలాం బైతుల్ మఖ్దిస్‌లో పన్నెండు ఎద్దుల మీద నిలిపిన పోత కంచు హౌజ్ గురించి బైబిల్‌లో ఉంది, దానికిది యాద్‌గార్. సూరె సబాలో కూడా సులైమాన్ కోసం హౌజుల్లాంటి పెద్ద గిన్నెలు తయారైన సంగతి వస్తుంది. జర్మనీలో హిల్డెస్‌హైమ్ కేథడ్రల్‌లో 1220ల నాటి కంచు తొట్టిని నలుగురు మనుషులు మోకాళ్ల మీద కూర్చుని మోస్తుంటారు. ఒక్కొక్కరి చేతిలో నీళ్లు ఒలికే కుండ. వాళ్లు జన్నత్ నాలుగు నదులు. అందులో రెండు దజ్లా, ఫురాత్. జర్మనీ చలిలో పుట్టిన బిడ్డను ఇరాఖ్ నదులు మోస్తున్నాయి.

ఇటలీలో సియేనా తొట్టి ఆరు పలకలది. 15వ శతాబ్దం మొదట్లో గిబెర్తి, దొనాతెల్లో, యాకొపో దెల్లా క్వెర్చా లాంటి ఉస్తాద్‌లు కలిసి చేశారు. పలకల మీద హజ్రత్ యహ్యా జిందగీ. దొనాతెల్లో పలకలో ఆయన తలను పళ్లెంలో తెస్తుంటే హెరోదు భయంతో వెనక్కి తగ్గుతాడు. ఆ తల ఉందని చెప్పే మఖామ్ దమిష్క్ జామె ఉమవీ లోపల ఉంది. మనవాళ్లు అక్కడ సలాం చెప్పి ఫాతిహా చదువుతారు. ఆ పేరు మీద తొట్టి వాళ్లది, మఖామ్ మన దగ్గరిది.

ఇప్పటికీ కేథలిక్ చట్టం ప్రకారం ప్రతి విచారణ చర్చిలోనూ జ్ఞానస్నాన తొట్టి ఉండాలి. చాలాచోట్ల అది గుమ్మం దగ్గరే ఉంటుంది. సంఘంలోకి ప్రవేశం అక్కడి నుంచే అని. రెండో వాటికన్ సభ తర్వాత కొన్ని కొత్త చర్చిల్లో మళ్లీ మెట్ల కొలనులు కడుతున్నారు. గుమ్మం పక్క గోడకు ఉండే చిన్న నీళ్ల గిన్నె వేరు. అందులో వేలు ముంచి సిలువ గుర్తు వేసుకుంటారు. ఆ ఒక్కసారి స్నానానికి రోజూ చేసుకునే యాద్ అది. నేను గుమ్మం దగ్గరి నీళ్లన్నీ ఒకటే అనుకుని రెండింటినీ కలిపేశాను.

ముహమ్మద్ ఇబ్న్ అజ్జైన్ తస్త్

చివరగా ఒక తస్త్ సంగతి. పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఉంది. జానెడు ఎత్తు, మూరెడు పైచిలుకు వెడల్పు. ఇత్తడి మీద వెండి, బంగారం పొదిగిన పని. మన బిద్రీ చూసిన కళ్లకు ఆ చేతి మహత్తు వెంటనే తెలుస్తుంది. బయట వేటగాళ్లు, అమీర్లు, గుర్రపు సవార్లు. లోపల అడుగున చేపలు, తాబేళ్లు. నీళ్లు పోస్తే ఈదుతున్నట్టే. ఇది మమ్లూక్ సుల్తాన్ల కాలపు ఈజిప్టు, షామ్ ఇలాఖాలో తయారైంది. 14వ శతాబ్దం మొదటి సగానిదని ఎక్కువమంది అంటారు.

దాని పేరు "సెయింట్ లూయీ జ్ఞానస్నాన తొట్టి". సెయింట్ లూయీ అంటే సలీబీ జంగ్‌లకు వచ్చి 1250లో మిస్ర్‌లో ఖైదీ అయిన ఫ్రాన్స్ బాద్‌షా తొమ్మిదో లూయీ. ఆయన 1270లో టునిస్ దగ్గర చనిపోయాడు. తస్త్ ఆ తర్వాతది. పేరు కిస్సా మాత్రమే. కానీ వాడకం నిజం. 1606లో ఫోంతెన్‌బ్లోలో, తర్వాత పదమూడో లూయీ అయిన పిల్లవాడికి ఇందులోనే జ్ఞానస్నానం జరిగింది. 1856లో మూడో నెపోలియన్ కొడుక్కి నోత్ర్‌దామ్‌లో ఇందులోనే. మధ్యలో ఎవరో దాని లోపలివైపు ఫ్రాన్స్ రాజచిహ్నం చేర్చారు.

అసలు ఇలాంటి తస్త్‌లు దేనికి? మన నానీల ఇళ్లలో దస్తర్‌ఖాన్ ముందు చిలంచీ, ఆఫ్తాబా తిప్పడం చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ దర్బారుల్లో ఇలాంటివి మెహ్మాన్ల చేతులు కడిగించడానికి.

అంటే చేతులు కడుక్కునే తొట్టి నిజంగానే ఒకటుంది! నా కాప్షన్ ఆ ఫొటో కింద తప్పు, ఈ తస్త్ మొదటి రోజుల గురించైతే ఒప్పు. అయితే తస్త్ కొత్త పనికి వెళ్లినప్పుడు దాని ఇజ్జత్ పెరిగింది. నా కాప్షన్ ఆ పెద్దాయన తొట్టి ఇజ్జత్ తగ్గించింది. ఫర్ఖ్ అక్కడుంది.

దీన్ని చేసిన కారీగర్ దాని మీద ఆరుచోట్ల దస్తఖత్ చేశాడు. ఐదుచోట్ల బొమ్మల్లోని సింహాసనాలు, పాత్రల మీద చిన్నగా. ఒకచోట అంచు కింద పూర్తిగా: ఉస్తాద్ ముహమ్మద్ ఇబ్న్ అజ్జైన్ పనితనం, అతనికి మగ్‌ఫిరత్ దొరుకుగాక అని. గునా కడగడానికే పెట్టిన నీళ్లు పట్టుకున్న ఆ తస్త్ అంచు కింద, ఒక ముస్లిం కారీగర్ మాఫీ కోరే దుఆ అరబ్బీలో అన్నేళ్లూ ఉంది. పైన పాద్రీ వేరే జబాన్‌లో చదువుతున్నాడు. కింద అది ఊరికే ఉంది. ఎవరూ చెరపలేదు. గోడలు, గుంబద్‌లు ఎవరివని తవ్వి చూసే మన రోజుల్లో ఈ సంగతి మా పాపకు తప్పక చెప్పాలనుకున్నాను. చెప్పాను.

మొన్న చర్చిలో ఫాదర్ బాబు తల మీద మూడుసార్లు నీళ్లు పోశారు. బాబు గట్టిగా ఏడ్చాడు. అందరూ నవ్వారు. నా మిత్రుడి తల్లి తన చీర కొంగుతో బాబు తల తుడిచింది. మా అమ్మీ కూడా మా పాప అఖీఖా రోజు గుండు చేయించిన తల ఇలాగే దుపట్టాతో తుడిచింది.

ఇక సవరణ. ఇరవై ఏళ్ల కిందట ఒక పత్రికలో అచ్చయిన ఫొటో కింద "చేతులు కడుక్కునే తొట్టి" అని ఉన్నచోట "జ్ఞానస్నాన తొట్టి" అని చదువుకోవాలి. తప్పు రాసినవాడిని నేనే. ఆ టీచరుగారు ఎక్కడున్నా మాఫీ కోరుతున్నాను.